ఒక్క 807 వాల్వుతో 40 మీటర్ల బ్యాండ్‌కి చిన్న లీనియర్ ఆంప్లిఫయర్ కట్టుకోండి

మూడు నుంచి ఏడు వాట్ల సెట్టుతో 40 మీటర్ల బ్యాండ్ మీద మాట్లాడే హామ్‌లు (లైసెన్సు తీసుకుని సరదాగా రేడియో నడిపేవాళ్లు) మన దగ్గర చాలామందే ఉన్నారు. హైదరాబాద్‌కి చెందిన అష్‌హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్ఎక్స్ సెట్టే కొంతమందికి తొలి సెట్టు. బ్యాండ్ బాగున్న పూట ఆ పవర్ చాలు. సాయంత్రం రద్దీ పెరిగి, పక్క ఫ్రీక్వెన్సీ వాళ్ల గోల మీదికి వచ్చినప్పుడు మాత్రం ఇంకాస్త బలం ఉంటే బాగుండు అనిపిస్తుంది. మూడు వాట్లు పాతిక వాట్లు అయితే తొమ్మిది డీబీ (డెసిబెల్స్) పెరిగినట్టు. అవతలివాళ్ల మీటరు మీద ఒకటిన్నర ఎస్ పాయింటు (సిగ్నల్ బలాన్ని కొలిచే మెట్టు). వినడానికి కొంచెమే, కానీ "మళ్లీ చెప్పండి" అనిపించుకునే సిగ్నల్‌కీ హాయిగా కాపీ అయ్యే సిగ్నల్‌కీ మధ్య ఉన్న దూరం చాలాసార్లు అంతే.

ఈ పనికి 807 వాల్వు తీసుకుందాం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యాల ట్రాన్స్‌మిటర్లలో విస్తారంగా వాడిన వాల్వు ఇది. యుద్ధం తర్వాత సర్‌ప్లస్‌గా బయటికొచ్చి ప్రపంచమంతా హామ్‌ల బల్లల మీదికి చేరింది. ట్రాన్సిస్టర్ అయితే యాంటెనా సరిగ్గా లేని ఒక్క క్షణంలో పోతుంది. 807 మాత్రం ఎర్రబడి హెచ్చరిస్తుంది, స్విచ్ ఆపడానికి మీకు టైమిస్తుంది. నేర్చుకునేవాళ్లకి అంతకంటే మంచి గురువు దొరకదు.

ఇది లైసెన్సు ఉన్నవాళ్ల కోసం. మన దేశంలో రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి హెచ్‌ఎఫ్‌లో 50 వాట్ల పరిమితి ఉంది. మనం కట్టేదానిలో వాల్వుకి వెళ్లే డీసీ పవరే 45 వాట్లు దాటదు కాబట్టి ఆ గ్రేడ్ వాళ్లు కూడా నిశ్చింతగా కట్టుకోవచ్చు. మన బ్యాండ్ 7000 నుంచి 7200 కిలోహెర్ట్జ్.

ముందు ప్రాణం సంగతి

ఈ పెట్టెలో 600 వోల్టుల డీసీ ఉంటుంది. ముట్టుకుంటే చెయ్యి విదిలించుకునే షాక్ కాదిది, మనిషిని చంపే వోల్టేజి. మొదటి పార్టు టంకం పెట్టకముందే ఒక డిశ్చార్జి కర్ర చేసుకోండి. అడుగు పొడవు పీవీసీ పైపు చివర ఇత్తడి బోల్టు, దానికి 1 కిలోఓమ్ 10 వాట్ల రెసిస్టర్, అక్కణ్నుంచి ఛాసిస్‌కి తగిలించే క్లిప్పు వైరు. స్విచ్ ఆపాక, ప్లగ్గు పీకాక, అర నిమిషం ఆగాక ఈ కర్రతో హెచ్‌టీ (హై టెన్షన్, అంటే ఆ 600 వోల్టుల) పాయింటును తాకించి, ఆ తర్వాత మల్టీమీటర్‌తో సున్నా చూసుకున్నాకే చెయ్యి లోపల పెట్టాలి. కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే ఒక చెయ్యి జేబులో ఉండాలి. కాళ్లకి రబ్బరు చెప్పులు, ఇంట్లో మరో మనిషి ఉండాలి. పిల్లలు తిరిగే గదిలో మూత తీసిన ఛాసిస్ వదిలి వెళ్లొద్దు.

వాల్వు కొనేటప్పుడు

పాత సౌండ్ సర్వీస్ వాళ్ల దగ్గర, పాత హామ్‌ల అటకల మీద ఇంకా 807లు ఉంటాయి. కోఠి గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో పాత సరుకు అమ్మేవాళ్లని ఓపిగ్గా అడగాలి. సీవీ124 అన్నా వీటీ-100 అన్నా ఇదే వాల్వు. రష్యన్ జీ-807 కూడా పనికొస్తుంది. 1625 అని రాసి ఉంటే దాని హీటరు 12.6 వోల్టులది, బేస్‌కి ఏడు పిన్నులు. దాంతోనూ కట్టొచ్చు గానీ హీటరు ట్రాన్స్‌ఫార్మరూ సాకెట్టూ మారతాయి.

చేతిలోకి తీసుకుని గాజు లోపల వెండి పూతలా మెరిసే మరకని చూడండి. అది గెటర్. అద్దంలా మెరుస్తుంటే లోపల వాక్యూమ్ బాగున్నట్టు. పాలలా తెల్లబడిందంటే గాలి దూరింది, బేరమాడకుండా తిరిగి ఇచ్చేయండి. పైనున్న ఆనోడ్ టోపీ కదలకూడదు. మల్టీమీటర్‌తో 1, 5 పిన్నుల మధ్య ఒకటి రెండు ఓమ్స్ చూపించాలి, అది హీటరు. మిగిలిన ఏ రెండు పిన్నుల మధ్యా షార్ట్ ఉండకూడదు. 2వ పిన్ను స్క్రీన్, 3వది కంట్రోల్ గ్రిడ్, 4వది కేథోడ్. సాకెట్టు ఐదు పిన్నులది. వాల్వుతో పాటే అడిగి తీసుకోండి, విడిగా వెతకడం చాలా కష్టం.

మొదటి అడుగు: పవర్ సప్లై

600 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించే ఖర్చు అక్కర్లేదు. 230 వోల్టులు తీసుకుని 230 వోల్టులే ఇచ్చే 150 వీఏ ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి చాలు. దాని సెకండరీకి ఫుల్‌వేవ్ వోల్టేజి డబ్లర్ కట్టండి. ఒక చేతికి రెండు 1ఎన్4007 డయోడ్లు సిరీస్‌లో, రెండో చేతికి ఇంకో రెండు, 100 మైక్రోఫారడ్ 450 వోల్టుల కెపాసిటర్లు రెండు. లోడు లేనప్పుడు దాదాపు 650 వోల్టులు వస్తాయి, లోడు మీద 600 దగ్గర నిలబడుతుంది. ప్రతి కెపాసిటర్ మీదా 47 కిలోఓమ్స్ 5 వాట్ల బ్లీడర్ రెసిస్టర్ తప్పనిసరి. స్విచ్ ఆపాక చార్జిని దించేవి ఇవే. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మానేసి నేరుగా మెయిన్స్ నుంచి డబ్లర్ కట్టే ఆలోచన మాత్రం ఎప్పటికీ వద్దు. అలా చేస్తే ఛాసిస్సూ మైకూ మోర్స్ కీ అన్నీ మెయిన్స్ కరెంటు మీదే ఉంటాయి.

డబ్లర్‌లో నాకు బాగా నచ్చేది ఇంకోటుంది. రెండు కెపాసిటర్లూ కలిసే నడిమి పాయింటు దగ్గర ఎటూ 320 వోల్టులు ఉంటాయి. స్క్రీన్‌కి కావలసింది దాదాపు అక్కడే దొరుకుతోంది. ఆ పాయింటు నుంచి 2.2 కిలోఓమ్స్ 5 వాట్ల రెసిస్టర్, దాని తర్వాత 91 వోల్టుల 5 వాట్ల జీనర్లు మూడు సిరీస్‌లో ఛాసిస్‌కి. అంటే స్థిరంగా 273 వోల్టులు. 807 స్క్రీన్ 300 దాటకూడదు కాబట్టి మెయిన్స్ ఎగిరిపడే ఊళ్లలో కూడా ఈ ఏర్పాటు భద్రం. స్క్రీన్ వోల్టేజి ఊగితే మీ మాట కూడా పగిలిపోతుంది. జీనర్ల దగ్గర కక్కుర్తి పడొద్దు.

ఫ్యూజు ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో పెట్టండి, 1 ఆంపియర్ స్లో బ్లో. ఆనోడ్ వైరులో విడిగా ఫ్యూజు పెట్టకండి. అది పోతే ఆనోడ్‌కి వోల్టేజి ఉండదు, స్క్రీన్‌కి ఉంటుంది. అప్పుడు ఎలక్ట్రాన్లన్నీ స్క్రీన్ మీదే పడి, ఆ సన్నటి తీగలు కాసేపట్లోనే కాలిపోతాయి.

హీటరుకి 6 వోల్టుల 2 ఆంపియర్ల చిన్న ట్రాన్స్‌ఫార్మర్. వాల్వు అడిగేది 6.3 వోల్టులు, 0.9 ఆంపియర్, పదోవంతు తేడాని ఓర్చుకుంటుంది. బయాస్‌కి (గ్రిడ్ మీద ఉంచే మైనస్ వోల్టేజికి) 18-0-18 ట్రాన్స్‌ఫార్మర్ రెండు చివర్లూ వాడి ఒక డయోడ్, 220 మైక్రోఫారడ్ 100 వోల్టుల కెపాసిటర్‌తో సుమారు మైనస్ 50 వోల్టులు తీయండి. కెపాసిటర్ ప్లస్ కాలు ఛాసిస్‌కి వెళ్తుందని గుర్తుంచుకోండి. ఆ మైనస్ 50 నుంచి 10 కిలోఓమ్స్ ప్రీసెట్, దాని కింద 10 కిలోఓమ్స్ రెసిస్టర్, ఆ రెసిస్టర్ కింది కాలు పీటీటీ (మాట్లాడటానికి నొక్కే స్విచ్) రిలే కాంటాక్టు ద్వారా ఛాసిస్‌కి. రిలే లాగనప్పుడు గ్రిడ్ మీద పూర్తి మైనస్ 50 ఉండి వాల్వు నిద్రపోతుంది. రిలే లాగితే మీరు సెట్ చేసిన వోల్టేజి వస్తుంది. రిలే చెడిపోయినా వాల్వుకి హాని లేదు.

పవర్ సప్లై ఒక్కటే కట్టాక అక్కడ ఆగండి. మన రేడియో మెకానిక్‌లు తరతరాలుగా వాడుతున్న సిరీస్ ల్యాంప్ తీసుకోండి. 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బుని హెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి సిరీస్‌లో పెట్టి స్విచ్ వేయండి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే అంతా సవ్యం. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్, లేదా కెపాసిటర్ తిరగేసి పెట్టారు. బల్బు తీసేసి మళ్లీ కొలవండి: మొత్తం 640 చుట్టుపక్కల, నడుమ అందులో సగం, స్క్రీన్ దగ్గర 273, బయాస్ మైనస్ 50. ఆపి, అర నిమిషంలో బ్లీడర్లు చార్జిని దించేస్తున్నాయో లేదో చూడండి. ఈ నాలుగు వోల్టేజీలూ సరిగ్గా లేకుండా ముందుకెళ్లొద్దు.

రెండో అడుగు: గ్రిడ్ వైపు

807 తో కట్టిన ఆంప్లిఫయర్లు దానంతటవే ఆసిలేట్ అవుతాయని పాత హామ్‌లు చెబుతారు. నిజమే. గ్రిడ్ దగ్గర ఒక ట్యూన్డ్ సర్క్యూట్, ఆనోడ్ దగ్గర ఇంకోటి పెడితే అది ఆసిలేటర్ అవడానికి సిద్ధంగా ఉన్నట్టే. దాన్ని అణచడానికి న్యూట్రలైజేషన్, దాని సర్దుబాట్లు, అంతా టెన్షన్. మన దారి వేరు. గ్రిడ్ దగ్గర ట్యూన్డ్ సర్క్యూటే వద్దు, రెసిస్టర్ పెడదాం. కొంత గెయిన్ పోతుంది, పోనివ్వండి. స్థిరంగా నడిచే పాతిక వాట్లు, ఎప్పుడు అరుస్తుందో తెలియని నలభై వాట్ల కంటే ఎంతో మేలు. ఈ వ్యాసంలో ఒక్క సలహానే పాటిస్తానంటే ఇదే పాటించండి.

మీ సెట్టు మూడు వాట్లది అయితే ఎఫ్‌టీ-50-43 ఫెర్రైట్ రింగు మీద 7 చుట్లు ప్రైమరీ, 14 చుట్లు సెకండరీ వేయండి. 50 ఓమ్స్ 200 ఓమ్స్ అవుతుంది. సెకండరీ మీద 1 కిలోఓమ్ 2 వాట్ల రెసిస్టర్లు ఐదు పారలల్‌గా. మూడు వాట్లకి గ్రిడ్ మీద 34 వోల్టుల పీక్ వస్తుంది, ఈ వాల్వుకి అది సమృద్ధి. ఏడు వాట్ల సెట్టు అయితే ట్రాన్స్‌ఫార్మరే అక్కర్లేదు. 470 ఓమ్స్ 2 వాట్ల రెసిస్టర్లు పది పారలల్‌గా పెడితే 47 ఓమ్స్, పీక్ 26 వోల్టుల దాకా వస్తుంది. వైరు చుట్టిన సిమెంటు రెసిస్టర్లు ఇక్కడ పనికిరావు, అవి కాయిల్స్ లాగా ప్రవర్తిస్తాయి.

అక్కణ్నుంచి 10 నానోఫారడ్ కెపాసిటర్ ద్వారా 3వ పిన్నుకి. పిన్ను దగ్గరే 47 ఓమ్స్ చిన్న రెసిస్టర్ పెట్టండి, కాళ్లు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. ప్రీసెట్ నడిమి కాలు నుంచి బయాస్ 10 కిలోఓమ్స్ ద్వారా కెపాసిటరూ 47 ఓమ్సూ కలిసే చోటికి వస్తుంది. కేథోడ్ నుంచి ఛాసిస్‌కి 10 ఓమ్స్ 1 వాట్ రెసిస్టర్, దాని మీద 10 నానోఫారడ్లవి మూడు. ఈ 10 ఓమ్సే మన మీటరు. దాని మీద మల్టీమీటర్ పెడితే 0.25 వోల్టు అంటే 25 మిల్లీఆంప్స్. హెచ్‌టీ వైరు ముట్టుకునే పని లేకుండానే కరెంటు తెలుస్తుంది. స్క్రీన్ పిన్నుకి కూడా 100 ఓమ్స్ రెసిస్టర్ ద్వారానే వోల్టేజి ఇచ్చి, పిన్ను దగ్గరే 10 నానోఫారడ్ 1 కిలోవోల్టు సెరామిక్ పెట్టండి. హీటరు ఒక కాలు ఛాసిస్‌కి, రెండో కాలుకి బైపాస్ కెపాసిటర్.

గ్రిడ్ సరంజామా మొత్తం అల్యూమినియం ఛాసిస్ కింద, ఆనోడ్ సరంజామా పైన. సాకెట్టుని ఛాసిస్ కంటే కొంచెం కిందికి దించి బిగిస్తే వాల్వు అడుగు భాగం రేకు కిందికి పోయి గ్రిడ్‌కీ ఆనోడ్‌కీ మధ్య గోడ పడుతుంది.

మూడో అడుగు: ఆనోడ్, పై (π) నెట్‌వర్క్

ముందు ఆనోడ్ టోపీకి పారాసిటిక్ సప్రెసర్. 47 ఓమ్స్ 2 వాట్ల కార్బన్ రెసిస్టర్ మీద మందపాటి ఎనామెల్ వైరు ఐదు చుట్లు చుట్టి రెండు చివర్లూ దాని కాళ్లకే టంకం పెట్టండి. 807 వీహెచ్‌ఎఫ్‌లో దొంగతనంగా ఆసిలేట్ అవకుండా ఆపేది ఇదే. దాని తర్వాత రెండు దారులు. ఒకటి 1 నుంచి 2.5 మిల్లీహెన్రీల ఆర్‌ఎఫ్ చోక్ ద్వారా హెచ్‌టీకి; చోక్ కింది కాలు దగ్గర 2.2 నానోఫారడ్ 2 కిలోవోల్టుల బైపాస్. రెండోది 1 నానోఫారడ్ 3 కిలోవోల్టుల బ్లాకింగ్ కెపాసిటర్ ద్వారా, π అక్షరం ఆకారంలో రెండు కండెన్సర్లూ ఒక కాయిలూ ఉండే పై నెట్‌వర్క్‌కి.

ఈ వాల్వుకి ఇక్కడ కావలసిన లోడు సుమారు 5000 ఓమ్స్. దాన్ని 50 ఓమ్స్‌కి మార్చాలంటే ఆనోడ్ వైపు సుమారు 54 పికోఫారడ్లు, 9.8 మైక్రోహెన్రీల కాయిల్, యాంటెనా వైపు 300 పికోఫారడ్లు. వాల్వు సొంత కెపాసిటెన్స్, వైర్లది కలిపి పది పదిహేను పికోఫారడ్లు ఎలాగూ పోతాయి కాబట్టి ట్యూనింగ్ కండెన్సర్ 40 దగ్గర నిలుస్తుంది. 100 పికోఫారడ్లది, రేకుల మధ్య మిల్లీమీటరు దాకా ఎడం ఉన్నది వెతకండి. పాత రేడియో గ్యాంగ్ కండెన్సర్ రేకులు మరీ దగ్గర, ఇక్కడ నిప్పురవ్వలు లేస్తాయి. అదే గ్యాంగ్ యాంటెనా వైపు మాత్రం హాయిగా సరిపోతుంది. అక్కడ వోల్టేజి 50 పీక్ మించదు.

కాయిల్‌కి 40 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్క, 16 గేజీ ఎనామెల్ వైరు మూడు మీటర్లు. వైరు ఒక చివర కిటికీ ఊచకి కట్టి, రెండో చివర పైపు రంధ్రంలో బిగించి, వైరు సాగదీసి పట్టుకుని, పైపు తిప్పుకుంటూ కిటికీ వైపు నడవండి. వైరుతో పాటే మిల్లీమీటరు మందం నైలాన్ దారం కూడా పక్కపక్కన చుట్టుకుంటూ పోతే చుట్ల మధ్య ఎడం సమానంగా వస్తుంది. 20 చుట్లు, 50 మిల్లీమీటర్ల పొడవు. చివర్లు బిగించాక దారం లాగేసి నాలుగు చోట్ల ఎపాక్సీ చుక్కలు పెట్టండి.

యాంటెనా సాకెట్టు మీద ఛాసిస్‌కి ఇంకో 1 మిల్లీహెన్రీ చోక్ పెట్టడం మరవొద్దు. బ్లాకింగ్ కెపాసిటర్ ఏ రోజైనా షార్ట్ అయితే 600 వోల్టులు మీ డాబా మీది యాంటెనా తీగలోకి వెళ్లిపోతాయి. ఈ చోక్ ఉంటే ఆ కరెంటు ఛాసిస్‌కి పోయి ఫ్యూజు కాలుతుంది.

ఊపిరి పోయడం

ముందు డమ్మీ లోడు (యాంటెనాకి బదులు పెట్టే 50 ఓమ్స్ లోడు) చేసుకోండి: 1 కిలోఓమ్ 2 వాట్ల రెసిస్టర్లు ఇరవై పారలల్‌గా. దాని మీద సిరీస్‌లో రెండు 1ఎన్4148 డయోడ్లు, 10 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టి డీసీ కొలిస్తే పీక్ వోల్టేజి తెలుస్తుంది. దాన్ని దానితోనే గుణించి 100 తో భాగిస్తే వాట్లు. 50 వోల్టులు అంటే పాతిక వాట్లు.

హీటరు ఒక్కటే వేసి ఐదు నిమిషాలు వాల్వుని వేడెక్కనివ్వండి. ప్రీసెట్ పూర్తి మైనస్ వైపు ఉంచి, సిరీస్ ల్యాంప్‌తోనే హెచ్‌టీ ఇవ్వండి. ఏ గొడవా లేకపోతే ల్యాంప్ తీసేయండి. డ్రైవు (సెట్టు నుంచి వచ్చే సిగ్నల్) లేకుండా పీటీటీ నొక్కి, ప్రీసెట్‌ని నెమ్మదిగా తిప్పుతూ కేథోడ్ మీద 0.25 వోల్టు దగ్గర ఆపండి. గ్రిడ్ మీద మైనస్ 28, 30 దగ్గర ఉంటుంది. ఇప్పుడు రెండు కండెన్సర్లూ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పండి. మీటరు ముల్లు కదలకూడదు, డమ్మీ లోడు మీద ఏమీ రాకూడదు. కదిలిందంటే ఆసిలేషన్ ఉంది. సప్రెసర్, బైపాస్‌ల కాళ్ల పొడవు, గ్రిడ్‌కీ ఆనోడ్‌కీ మధ్య రేకు చూడండి.

తర్వాత యాంటెనా వైపు గ్యాంగ్ పూర్తిగా మూసి, ఒక వాట్ డ్రైవు ఇచ్చి ట్యూనింగ్ కండెన్సర్ తిప్పండి. ఒకచోట కరెంటు చటుక్కున పడుతుంది. అదే డిప్. గ్యాంగ్ కొంచెం తెరిచి మళ్లీ డిప్ పట్టండి. ఒక్కో విడతకీ డిప్ లోతు తగ్గుతూ, డమ్మీ లోడు మీద వోల్టేజి పెరుగుతూ పోతుంది. అది ఇక పెరగని చోట ఆగి, పూర్తి డ్రైవుతో ఒకసారి సరిచూసుకోండి. కేథోడ్ మీద 0.75 నుంచి 0.8 వోల్టు, లోడు మీద 47 నుంచి 50 వోల్టులు వస్తే పని అయినట్టే. గ్రిడ్ ట్రాన్స్‌ఫార్మర్ లేనివాళ్లకి కాస్త తక్కువ వస్తుంది. డిప్ ట్యూనింగ్ కండెన్సర్ పూర్తిగా తెరుచుకున్నాక వస్తే కాయిల్‌లో ఒక చుట్టు తగ్గించండి. ఒక్కో విడత పది సెకన్లు మించి క్యారియర్ పెట్టకండి.

గది లైటు ఆపి వాల్వుని చూడండి. గాజు లోపలి గోడ మీద నీలి మెరుపు కనిపిస్తే కంగారు పడొద్దు, అది మామూలే. ఎలక్ట్రోడ్ల మధ్య గులాబీ రంగు పొగలా ఉంటే మాత్రం లోపల గ్యాస్ చేరింది, ఆ వాల్వు పనికిరాదు. ఆనోడ్ రేకు మీద ఎర్ర మచ్చ లేచిందంటే వెంటనే ఆపండి. ట్యూనింగ్ తప్పింది, లేదా బయాస్ పోయింది.

గాల్లోకి వెళ్లేముందు డమ్మీ లోడు తీసి లోపాస్ ఫిల్టర్ పెట్టండి. 270, 680, 680, 270 పికోఫారడ్ల 500 వోల్టుల కెపాసిటర్లు, వాటి మధ్య టీ-50-6 రింగుల మీద 19, 21, 19 చుట్ల కాయిల్స్. పై నెట్‌వర్క్ కొంత హార్మోనిక్స్ (అసలు ఫ్రీక్వెన్సీకి రెట్లలో పుట్టే అనవసర సిగ్నల్స్) ఆపుతుంది, మిగిలింది ఈ ఫిల్టర్ చూసుకుంటుంది. రిసీవ్‌లో యాంటెనా నేరుగా సెట్టుకి వెళ్లేలా రెండు కాంటాక్టుల 12 వోల్టుల రిలే కావాలి. దాని కాయిల్ మీద తిరగేసిన డయోడ్ మరవొద్దు.

యాంటెనా తగిలించాక ట్యూనింగ్ కొంచెం మారుతుంది, తక్కువ డ్రైవుతో మళ్లీ డిప్ పట్టండి. ఎస్‌ఎస్‌బీలో మాట్లాడేటప్పుడు మైకు గెయిన్ ఎప్పుడూ వాడేదానికంటే కొద్దిగా తగ్గించండి. తొలి కాంటాక్టులో ఊళ్లోనే ఉన్న హామ్‌ని పిలిచి, సిగ్నల్ ఎంత బలంగా ఉందో కాదు, ఎంత వెడల్పుగా ఉందో అడగండి. ఐదు కిలోహెర్ట్జ్ పక్కకి వెళ్లి వినమనండి. అక్కడ కూడా మీ మాటల తునకలు వినిపిస్తుంటే డ్రైవు ఇంకా ఎక్కువగా ఉంది, అవి మాయమయ్యే దాకా తగ్గించండి.